దయామణి పెట్టిన కృతజ్ఞత కూడిక

కృతజ్ఞత కూడికంటే దానికొక పద్ధతుంది. ఊరికే పెట్టరు. బిడ్డ పుడితే పెడతారు, కొత్త ఇంట్లో చేరితే పెడతారు, ఆపరేషనయి మనిషి బతికి బట్టకడితే పెడతారు, కొడుక్కి ఉద్యోగం వస్తే తప్పకుండా పెడతారు. పెళ్లయి పాతికేళ్లయిన మొగుడూపెళ్లాలు, అందులో ఇరవై ఏళ్లు కొట్టుకుంటూనే గడిపినా సరే, కేకు తెప్పించి మరీ పెడతారు. పాస్టరు అయ్యగారు వస్తారు, రెండు పాటలు పాడిస్తారు, వాక్యం చెబుతారు. ఇంటివాళ్లు లేచి దేవుడు తమకేం మేలు చేశాడో సాక్ష్యం చెబుతారు. ప్రార్థన, ఆమెన్, ఆ తర్వాత బిర్యానీ. బెంగళూరు తెలుగు సంఘాల్లో ఎక్కడికి పోయినా ఇదే వరస.

అందుకే ఆ ఆదివారం ఆరాధన చివర పాస్టరు ఆశీర్వాదం అయ్యగారు కళ్లజోడు సవరించుకుని, "వచ్చే శనివారం సాయంత్రం మన దయామణి సిస్టర్ ఇంట్లో కృతజ్ఞత కూడిక ఉంటుంది, అందరూ రావాలి" అని చెప్పేసరికి ఆడవాళ్ల వైపు మెడలన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి. దయామణికి మొగుడా, పిల్లలా, కొత్త ఇల్లా? మరి దేనికంటారా? దేనికేముంది, అందరికీ అర్థమైపోయింది. ఇన్నాళ్లకు ఆ మహాతల్లి మొండితనం వదిలి తమ్ముడింటికి పోతోంది, దానికే! "దేవుడు మన ప్రార్థన విన్నాడు" అన్నారు ఒకరు. "తలుపు పగిలితే గానీ బుద్ధి రాలేదు" అన్నారు ఇంకొకరు. చివరి బెంచీలో కూర్చున్న దయామణి అవుననలేదు, కాదనలేదు. పాటల పుస్తకం సంచిలో వేసుకుని బస్సుకు బయలుదేరింది.

ఆ తలుపు సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. దానికంటే ముందు దయామణి ఎవరో చెప్పాలి.

దయామణిది మదనపల్లె దగ్గర పల్లె. నర్సు చదువు చదివి, ఇరవై దాటీ దాటకముందే రేకుపెట్టె పట్టుకుని బెంగళూరు వచ్చింది. హాస్టల్లో ఒక్క గదిలో ఆరుగురితో బతికింది. తండ్రి పోయాక తమ్ముడు శామ్సన్‌ను తనే చదివించింది. ఇప్పుడు యాభై ఐదు దాటాయి, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వార్డు సిస్టరు. గట్టి మనిషి, గొంతు ఇంకా గట్టిది. "పెళ్లి కుదరలేదా పాపం" అని ఎవరైనా జాలిపడితే ఆమె జవాబు ఒక్కటే: "కుదిరింది. రెండుసార్లు కుదిరింది. నేనే వద్దంటి." మొదటివాడు ఉద్యోగం మానెయ్యమన్నాడు. రెండోవాడు ఏమీ అనలేదు, బంగారంలాంటి మనిషి. అయినా వద్దంది. ఎందుకు వద్దందో అప్పట్లో ఆమెకే సరిగ్గా తెలియదు. తర్వాత తెలిసింది గానీ, కూర్చుని వినే ఓపిక ఎవరికుంది?

పదేళ్ల పైనుంచి ఆమె ఉండేది మహదేవపురలో, టెక్ పార్కు వెనక సందులో, సరోజమ్మగారి మేడ మీద. ఒక గది, ఒక వంటిల్లు, ముందర కాస్త వసారా. డ్యూటీ నుంచి వచ్చాక ఆ వసారాలో పిట్టగోడ మీద కాళ్లు చాపుకుని కాఫీ తాగుతుంది. అన్నం గిన్నెలోనే కలుపుకుని తింటుంది. మంచానికి అడ్డంగా పడుకుంటుంది. రాగం రాకపోయినా గొంతెత్తి పాడుకుంటుంది. ఇవి కూడా సుఖాలేనా అనిపిస్తుంది మనకు. ఆరుగురు పడుకున్న గదిలో ఇటు నుంచి అటు తిరగడానికి లేక యౌవనమంతా గడిపిన మనిషిని అడగాలి ఆ మాట.

ఇక సెలవు రోజొస్తే ఆమెను పట్టుకోవడం ఎవరి తరం కాదు. సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు తీసేసినప్పటి నుంచి మరీనూ. డ్యూటీలో చేతులు బోసిగా ఉండాలి గనక ఆ కరువంతా ఆ రోజు తీర్చుకుంటుంది. మోచేతి దాకా గాజులు వేసుకుని, ఏ బస్సు ముందొస్తే ఆ బస్సెక్కి, ఊరి ఆ చివరి దాకా పోయి వస్తుంది. "ఎవురి కోసమక్కా ఇన్ని గాజులు?" అని సంఘంలో ఒకావిడ నవ్వుతూ అడిగింది. "చేతుల కోసం" అంది దయామణి.

తలుపు పగిలిన రోజు కూడా అలాగే పోయింది. ఫోను చార్జింగులో పెట్టి మరిచిపోయింది. బళేపేట సందుల్లో మహబూబ్ బాషా అంగడిలో డజన్ల కొద్దీ పచ్చగాజులు బేరం చేసి వేయించుకుంది, మసాలా దోసె తింది, ఎదురుగా కనబడ్డ బస్సెక్కి బనశంకరి దాకా పోయింది. ఇక్కడ తమ్ముడు ఫోను మీద ఫోను. శామ్సన్ బ్రూక్‌ఫీల్డ్‌లో ఉంటాడు, కంపెనీలో మేనేజరు, సగం సమయం కంగారులోనే ఉంటాడు. ఉండబట్టలేక కారేసుకుని వచ్చాడు. కింద సరోజమ్మ కుటుంబమంతా కోలారులో పెళ్లికి పోయింది. పైన తలుపుకు తాళం. లోపల ఫోను మోగుతోంది. గడప ముందు అక్క చెప్పులు. అక్కకు రెండు జతల చెప్పులుంటాయని తమ్ముడికేం తెలుసు? ఆ తలుపుకు లోపలి నుంచి కూడా తాళం పడుతుందన్నది ఒక్కటే తెలుసు. ఇంకేముంది, అక్క లోపల పడిపోయింది అనుకున్నాడు. అయ్యగారికి ఫోను, సంఘ పెద్దలకు ఫోను, పోలీసుకు ఫోను. వడ్రంగి వచ్చి తలుపు పగలగొట్టాడు.

లోపల ఎవరూ లేరు. లేకపోతే సంతోషించాలా? అబ్బే, అప్పుడు భయం ఇంకా పెరిగింది. ఎక్కడ పడిపోయిందో, ఏ చెరువులో ఉందోనని ఆడవాళ్లు మెట్ల మీద కూర్చుని పరలోకం పాటలు ఎత్తుకున్నారు. మనిషి పోయిన ఇంట్లో పెట్టే ఆదరణ కూడిక ఏ రోజు పెడితే బాగుంటుందని ఇద్దరు పెద్దలు అప్పుడే ఒక మూల మాట్లాడుకుంటున్నారు.

దీపాలు పెట్టే వేళకు గాజులు గలగలలాడించుకుంటూ దయామణి సందు తిరిగింది. ఇంటి ముందు పోలీసు జీపు, మెట్ల నిండా జనం, పాట.

"అయ్యో దేవుడా! ఎవురప్పా పోయింది?" అంది గుండె పట్టుకుని.

గుంపులోంచి ఎవరో నోరు జారి, "నువ్వేనక్కా" అన్నారు.

శామ్సన్ పరుగున వచ్చి అక్కను పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చినంతసేపు బాగానే ఉంది. ఏడుపు ఆగాక కోపం వచ్చింది. "చాలక్కా, ఇంక చాలు. రేపు నిజంగానే ఏమన్నా అయితే? ప్రాక్టికల్‌గా ఆలోచించు. నువ్వు మా ఇంటికి వచ్చేస్తున్నావు, అంతే" అన్నాడు. ఆమె జవాబు కోసం ఆగలేదు. ఆ వారంలోనే సరోజమ్మగారికి ఫోను చేసి, నెలాఖరుకు మా అక్క ఇల్లు ఖాళీ చేస్తుందని చెప్పేశాడు.

దయామణికి ఆ సంగతి తెలిసింది ఎట్లాగంటే, ఒక సాయంత్రం ఆమె కాఫీ తాగుతుంటే సరోజమ్మ కొడుకు చేతన్ ఎవరో కొత్త దంపతులను వెంటబెట్టుకుని ఇల్లు చూపించడానికి వచ్చాడు. ఆ అమ్మాయి ఈమెను దాటుకుని వంటింట్లోకి పోయి, "ఫ్రిజ్ ఇక్కడ పడుతుంది" అంది.

దయామణి ఒళ్లు మండిపోయింది. చెప్పులైనా తొడుక్కోకుండా కిందికి దిగింది.

"సరోజమ్మగారూ, నేను యాడికి పోతా ఉండానని నా ఇల్లు చూపిస్తా ఉండారు?"

సరోజమ్మ పాత బెంగళూరు తెలుగు మనిషి. పుట్టింటివాళ్లకు బళేపేటలో ఇనుపసామాన్ల అంగడి. మొగుడు పోయాక ఇల్లు ఆమె పేరు మీదే ఉన్నా, మాట మాత్రం కొడుకులదీ కోడళ్లదీ. మధ్యాహ్నాలు పైకి వచ్చి దయామణి వసారాలో ఏమీ మాట్లాడకుండా కూర్చుని పోవడం ఆమెకు అలవాటు.

"నేనేం చేసేదమ్మా? నీ తమ్ముడే ఫోన్ చేసి చెప్పినాడు. పోలీసులు రావడమేమి, తలుపు ఒడెయ్యడమేమి, వీధంతా నవ్వింది. చేతన్ బిలకుల్ వద్దంటా ఉండాడు. ఒంటి మనిషి, రేపు ఏమన్నా అయితే మా మెడకు చుట్టుకుంటాది అంటాడు."

"నేను నెలనెలా బాడుగ కట్టి ఉంటా ఉండేది మీ ఇంట్లోనా, మా తమ్ముని మాటలోనా?"

"నాతో జగడమాడితే ఏం లాభం? మీ వాళ్లంతా వచ్చి నా ఎదురుగా సరే అననీ, అట్లయితే ఉండు. నేను వద్దంటానా? వచ్చే ఆదివారం ఆ కొత్తవాళ్లకు మాట చెప్పాల నేను. అంతవరకే టైము."

వచ్చే ఆదివారం. అంటే పదేళ్లు కష్టపడి అలవాటు చేసుకున్న ఇల్లు పోవడానికి ఒక్క వారం. అంతమందిని సరోజమ్మ ముందు నిలబెట్టడం ఎట్లా? తమ్ముడితో మాట్లాడితే ఏడుస్తాడు. అయ్యగారితో మాట్లాడితే ప్రార్థన చేద్దామంటాడు. దయామణి ఆ రాత్రంతా పళ్లు కొరుక్కుంది. తెల్లారి లేచి నవ్వుకుంది. బతిమాలకుండానే అందరూ వచ్చేది ఒక్కటే ఉంది గదా! అయ్యగారికి ఫోను చేసి, "కృతజ్ఞత కూడిక పెడతా ఉండా అయ్యగారూ" అంది. "స్తోత్రం! దేని నిమిత్తమమ్మా?" అన్నాడాయన. "వచ్చినాక చెప్తా" అంది.

శనివారం సాయంత్రం మేడంతా కిటకిటలాడింది. గదిలో చోటు చాలక వసారాలో, మెట్ల మీద చాపలు వేశారు. సరోజమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గుమ్మం దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టింది దయామణి. శామ్సన్ సామాను సర్దడానికి అట్టపెట్టెలు మడిచి కారులో తెచ్చాడు, కూడిక అయిపోగానే మొదలుపెడదామని. మరదలు సునీత నవ్వుముఖంతో, "నీ గదికి కర్టెన్లు కూడా కుట్టించా వదినా, నీకిష్టమని పచ్చరంగు" అంది. పాపం, ఆమెది మంచి మనసే. అదే కదా వచ్చిన చిక్కు. చెడ్డవాళ్లయితే ఒక్క మాటతో తెంచెయ్యొచ్చు.

పాటలయ్యాయి. అయ్యగారు వాక్యం అందుకున్నారు. ఆయన ఈ రోజు కోసం బాగా తయారై వచ్చారు. ఏదెను తోటలో ఆదాము దగ్గర మొదలుపెట్టారు. తోటలో అన్నీ ఉన్నాయి, పండ్లున్నాయి, నదులున్నాయి, జంతువులున్నాయి, అయినా ఆదాము ఒంటరివాడు. అది చూసి దేవుడికే జాలేసి తోడునిచ్చాడు. అలాగే ఈ రోజు మన సిస్టరు ఒంటరితనానికి కూడా...

"అయ్యగారూ," అంది దయామణి. వాక్యం మధ్యలో అయ్యగారిని ఆపినవాళ్లు ఆ సంఘంలో లేరు. "తోడొచ్చినాకే గదా ఆ తోట ఖాళీ చేయాల్సొచ్చింది?"

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒకరిద్దరికి అవి చాలలేదు. అయ్యగారు బైబిలు మూసి, "సాక్ష్యం చెప్పమ్మా" అని కూర్చున్నారు.

దయామణి లేచి నిలబడింది. చేతుల నిండా గాజులు.

"అందరికీ వందనాలు. నేను తమ్మునింటికి పోతా ఉండానని ఈ కూడిక పెట్టినా అనుకుంటాండారు మీరంతా. కాదు. నేను ఈడ్నే ఉంటా. దానికి పెట్టినా."

"అక్కా, మనం తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు శామ్సన్, ముఖం ఎర్రబడి.

"నువ్వు సరోజమ్మగారితో మాట్లాడినప్పుడు నన్ను పిలిస్తివా? కూర్చో నాయనా. ఇప్పుడు నా వంతు." మళ్లీ అందరి వైపు తిరిగింది. "బిడ్డ పుడితే స్తోత్రం చెప్తాం. ఇల్లు కొంటే చెప్తాం. దేవుడు నాకు ఇచ్చిన మేలు ఈ ఒంటి బతుకు. దీనికి చెప్పకూడదా? ఇదేమన్నా రోగమా, నా పేరు పెట్టి 'విడుదల చెయ్యి ప్రభువా' అని ప్రతి శుక్రవారం ప్రార్థన చేస్తారు? మీరంతా మోకాళ్ల మీద ఉండి విడుదల అడుగుతా ఉంటే, నేను వెనకాల కూర్చుని 'వద్దు ప్రభువా, ఇనొద్దు' అని అడుక్కుంటా ఉంటి."

సంఘ పెద్ద తిరుపాలు గొంతు సవరించుకున్నాడు. "అది సరేనమ్మా, రేపు బాత్‌రూములో జారిపడితే చూసే దిక్కెవురు?"

"పడితే పడతా తిరుపాలన్నా. మా వార్డుకు కాళ్లు విరిగి వచ్చేటోళ్లంతా ఇంటినిండా జనముండేటోళ్లే. ఒక్కో మంచం చుట్టూ పన్నెండు మంది నిలబడి ఉంటారు. ఆక్సిజన్ నేను పెడతా, చెయ్యి కొడుకు పట్టుకుంటాడు, కాళ్లు కూతురు పడుతుంది. ఊపిరి మాత్రం ఆ మనిషే తీసుకోవాల. ఎవురన్నా సాయం పట్టేకయితుందా?"

దయామణి తమ్ముడి వైపు చూసింది. ఇది చెప్పాలా వద్దా అని వారమంతా గుంజాటన పడిన మాట ఇప్పుడు నోట్లోకి వచ్చేసింది.

"కరోనాలో మా శామ్సన్, 'అక్కా, నువ్వు ఆ వార్డులో చేస్తాండావు, కొన్నాళ్లు మా ఇంటికి రావద్దు, పిల్లలుండారు' అన్నాడు. తప్పనడం లేదు. నేనైనా అదే చెప్తా. కానీ ఆ కొన్నాళ్లు నేనెట్ల ఉండానో ఎవురికీ తెలీదు. డ్యూటీలో సచ్చినోళ్లను మూటకట్టి, ఈ గదికొచ్చి ఏడ్చేదాన్ని. గోడలతో మాట్లాడేదాన్ని. ఎవురన్నా తలుపు తట్టితే బాగుండునని చూసేదాన్ని. ఒక్కరూ తట్టలే. ఒకరోజు అన్నం తింటా ఉంటే తెలిసింది, ఏడుపు నిలిచిపోయి శానా రోజులైందని. చారు బాగుంది. కిటికీలో గాలొస్తాంది. నాకు నేను చాలుతాండా. అంత పెద్ద ఊర్లో, అంత భయంలో, నాకు నేను చాలినా! ఇంతకంటే మేలు దేవుడు నాకింకేం చెయ్యాల? అప్పుడు మీరు రానందుకు కోపం లేదు. ఇప్పుడు వచ్చి, నేను అంత కష్టపడి నేర్చుకున్నదాన్ని పాడు చెయ్యొద్దండి. అంతే."

ఆమె కళ్లు తుడుచుకోలేదు. అయ్యగారి కోసం చూడకుండా తనే చేతులు జోడించి కళ్లు మూసుకుంది.

"ప్రభువా, నన్ను ఈ ఇంట్లో ఒంటిగా ఉంచినందుకు నీకు స్తోత్రం. ఒంటిగానే ఉంచు. ఏసు నామమున అడుగుతా ఉండా తండ్రీ."

ప్రార్థన అయ్యాక ఆమెన్ అనాలి. అందరూ కలిసి అనాలి. ఒక్క నోరు లేవలేదు. అంటే ఏమవుతుందో, అనకపోతే ఏమవుతుందోనని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. కళ్లు మూసుకున్న దయామణికి చెవులే మిగిలాయి. ఇల్లు పోయిందనుకుంది.

"ఆమెన్!" అన్న కేక గుమ్మం దగ్గర నుంచి వచ్చింది.

అందరూ తిరిగి చూశారు. నుదుట రూపాయి బిళ్లంత బొట్టుతో సరోజమ్మ కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది.

"ఏమప్పా, ఆమెన్ అనరా మీరు? నేను అంటా ఉండా, ఆమెన్! నలభై ఏండ్లాయ నాకు పెళ్లై. నా సొంతింట్లో గంటసేపు నేను ఒంటిగా కూర్చున్న రోజు లేదు. ఈయమ్మ వసారాలో వచ్చి సుమ్మనే కూర్చుంటా నేను, ఏమీ మాట్లాడకుండా. అదీ పోగొడతారా? చేతన్‌కు నేను చెప్పుకుంటా. ఇల్లు నా పేరు మీద ఉండాది. ఈయమ్మ పోతానంటే పోనీ, మీరు పంపించేది లేదు. ఏమయ్యా శామ్సన్, నీ మాటేమి?"

శామ్సన్ సునీత వైపు చూశాడు. సునీత కళ్లు తుడుచుకుంటూ తల ఊపింది. "మా అక్క నా మాట ఎప్పుడిన్నాది గనకమ్మా," అన్నాడు. అని, కళ్లు మూసుకుని, "ఆమెన్" అన్నాడు. అప్పుడు అయ్యగారు అన్నారు, తిరుపాలు అన్నాడు, మెట్ల మీద కూర్చున్నవాళ్లు లోపలేం జరిగిందో పూర్తిగా తెలియకుండానే గట్టిగా అన్నారు.

ఇంక బిర్యానీ. తిన్నారు, మళ్లీ తిన్నారు. ఇల్లు నిలిచిన సంతోషంలో దయామణి కొసరి కొసరి వడ్డించింది. కానీ మనవాళ్ల సంగతి తెలిసిందే కదా, తిన్నాక లేవరు. ఒకరు పాట ఎత్తుకున్నారు, ఒకరు కాళ్లు చాపుకున్నారు, ఒకావిడ "ఇంత మంచి గాలి మా ఇంట్లో లేదక్కా, అప్పుడప్పుడు వస్తూ ఉంటాం" అంది. దయామణి కాసేపు ఓర్చుకుంది. తర్వాత గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టింది.

"ఇంక లేసి పోండప్పా అందరూ. ఇంతసేపు నేను చెప్పింది ఏమి, మీరు ఇన్నది ఏమి?"

నవ్వుకుంటూ, సణుక్కుంటూ లేచారు. సరోజమ్మ కూడా దిగిపోయింది. శామ్సన్ మాత్రం గుమ్మం దగ్గర ఆగాడు.

"ఈ రాత్రికి సునీతను ఉండమంటానక్కా. ఇన్ని గిన్నెలున్నాయి కదా."

"గిన్నెలు నేను కడుక్కుంటా."

"నీకు భయం లేదా అక్కా?"

దయామణి వాడి ముఖంలోకి చూసింది. తలవెంట్రుకలు సగం నెరిశాయి వీడికి, ఎప్పుడు నెరిశాయో.

"ఎందుకుండదురా? ఉండాది. నీ ఇంటినిండా మనుషులుండారు, నీకు లేదా?"

కింద కారులో సునీత హారన్ కొట్టింది.

"ఉంది" అన్నాడు. ఆ మాట వాడు సునీతకు కూడా ఎప్పుడూ చెప్పి ఉండడు.

"అయితే ఇంక పో. నీ భయం దగ్గరికి నువ్వు పో, నా భయం దగ్గర నేను పండుకుంటా."

అని తమ్ముడి తల మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఉంచి, తీసేసింది. వాడు మెట్లు దిగాడు. దయామణి తలుపు వేసుకుంది.